ద్రవత్వం నుంచి ప్రవాహి దాకా: తెలుగు భౌతికశాస్త్ర పరిభాషలో వైశేషికపు జాడలు

నేటి తెలుగు పాఠ్యపుస్తకంలో పదార్థ స్థితులను గురించిన అధ్యాయం తెరిస్తే కనిపించే మాటలలో సగానికి పైగా భౌతికశాస్త్రం కంటే ఎంతో పాతవి. పదార్థం, ద్రవ్యం, ద్రవం, వాయువు, అణువు, పరమాణువు, గురుత్వం, స్థితిస్థాపకత, స్నిగ్ధత వంటివన్నీ న్యాయవైశేషిక గ్రంథాలలో శాస్త్రార్థం పొందిన మాటలో, ఆ మాటలకు దగ్గరి బంధువులో. ఈ పోలికను చూసి రెండు రకాల నిర్ణయాలు చేయడం పరిపాటి అయింది. ఆధునిక కణసిద్ధాంతం కణాదుని నాటికే సిద్ధమై ఉన్నదని ఒక పక్షం అంటుంది. పాత మాటలు కేవలం శబ్దాలు, వాటి వెనుక ఉన్న ఆలోచనతో పని లేదని రెండవ పక్షం అంటుంది. మాటలను ఒక్కొక్కటిగా తీసి, పూర్వం అవి ఏ పని చేశాయో, ఇప్పుడు ఏ పని చేస్తున్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండూ నిలిచేవి కావు. పదార్థాల ప్రవాహానికి, కణాల ప్రవర్తనకు సంబంధించిన కొన్ని ముఖ్యమైన మాటల చరిత్రకే ఈ పరిశీలన పరిమితం.

'పదార్థం' అన్న మాటే మొదటి సాక్ష్యం. వైశేషికంలో పదార్థమంటే పదానికి అర్థమైనది, అంటే మాటతో చెప్పదగిన సమస్తం. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం అని ఏడు పదార్థాలు. లేకపోవడం కూడా అక్కడ ఒక పదార్థమే. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి మంత్రిప్రగడ సాంబశివరావు రచించిన భౌతికశాస్త్ర గ్రంథాన్ని 'పదార్థ విజ్ఞాన శాస్త్రము' అనే పేరుతో ప్రచురించింది. అంతకు ముందే వీరేశలింగం 'పదార్థవివేచక శాస్త్రము' అనే పేరు వాడారు. ఈ శీర్షికలలో పదార్థం తాకదగిన, తూచదగిన వస్తువుగా కుదించుకుపోయింది. అభావానికి అక్కడ చోటు లేదు. 'ద్రవ్యం' గతి ఇంకా విచిత్రం. కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు కూడా చేరి తొమ్మిదిగా ఉన్న ద్రవ్యాలు ఇప్పుడు ఒకవైపు ద్రవ్యరాశిలో, మరొకవైపు ద్రవ్యోల్బణంలో మిగిలాయి.

ద్రవత్వం: గుణమా, స్థితియా?

ద్రవత్వాన్ని గురించి సంప్రదాయం ఏమి చెప్పిందో తెలుసుకోవడానికి అన్నంభట్టు తర్కసంగ్రహం చాలు. 17వ శతాబ్దికి చెందిన ఈయన ఆంధ్రదేశీయుడని ప్రసిద్ధి. భారతదేశమంతటా తర్కం నేర్చేవారికి మొదటి పాఠంగా నిలిచిన ఈ చిన్న పుస్తకం, దానికి ఆయనే రాసుకున్న దీపిక, తెలుగునాట సంస్కృత విద్యాలయాలలో ఇప్పటికీ పాఠ్యాలే. తెలుగులో శాస్త్రపరిభాషను కూర్చినవారికి సంస్కృత శాస్త్రాలతో పరిచయం ఉండడం ఆ తరాలలో సహజం. కనుక ఈ మాటలు ఏ గూటి నుంచి ఎగిరివచ్చాయో వారికి తెలియదనుకోవడం కష్టం.

అన్నంభట్టు లెక్కించిన ఇరవై నాలుగు గుణాలలో ద్రవత్వం ఒకటి. ఒక వస్తువు జారి పారడం మొదలుపెట్టినప్పుడు ఆ తొలి పారుదలకు కారణమయ్యే గుణం అది. వస్తువు కింద పడడంలో తొలి పతనానికి కారణమయ్యేది గురుత్వం. ఈ రెండు లక్షణాల నిర్మాణం ఒకే అచ్చులో పోసినట్లు ఉంటుంది. పడడానికి ఒక గుణం, పారడానికి వేరొక గుణం. నేటి విద్యార్థికి ఇక్కడే మొదటి అభ్యంతరం తోచాలి. వాలులో నీరు పారడం కూడా భూమ్యాకర్షణ ఫలితమే కదా, దానికి వేరే కారణం ఎందుకు? వైశేషికుని సమాధానం ఊహించడం కష్టం కాదు. రాయికీ బరువున్నది, నీటికీ బరువున్నది. రాయి పారదు, నీరు పారుతుంది. కాబట్టి నీటిలో బరువు కాక మరొకటి ఉండాలి. ప్రశ్న సరైనదే. ఆ 'మరొకటి' ఏమిటన్న దగ్గరే దారులు చీలాయి.

ద్రవత్వం రెండు విధాలు. నీటిలో ఉన్నది సాంసిద్ధికం, అంటే పుట్టుకతో వచ్చినది. నేయి, లక్క వంటి పార్థివ వస్తువులలోను, బంగారం వంటి తైజస వస్తువులలోను ఉన్నది నైమిత్తికం, అంటే నిప్పు తగిలితే కలిగేది. పేరిన నేయి పొయ్యిమీద కరగడం, కంసాలి మూసలో బంగారం కరగడం ఒకే జాతి సంఘటనలని గుర్తించిన ఈ విభజన పరిశీలన మీద నిలిచినదే. వైశేషిక సూత్రాలలోనే నేయి, లక్క, మైనం ఒక జట్టుగాను, తగరం, సీసం, ఇనుము, వెండి, బంగారం మరొక జట్టుగాను ప్రస్తావనకు వచ్చాయి.

అయితే ఈ విభజన మంచుగడ్డ ఎదురయ్యేసరికి చిక్కులో పడుతుంది. ద్రవత్వం నీటికి సహజమైతే వడగల్లు ఎందుకు గట్టిగా ఉన్నది? ప్రశస్తపాదుడు ఈ ఆక్షేపాన్ని తానే లేవనెత్తాడు. దివ్యతేజస్సు సంయోగం వల్ల జలపరమాణువులు గట్టిగా కూడుకొని, వాటి ద్రవత్వానికి అడ్డు కలుగుతుందని, అందువల్ల హిమంలోను వడగల్లలోను ద్రవత్వం పుట్టదని ఆయన సమాధానం. నీటి గడ్డకట్టడానికీ కరగడానికీ రెండింటికీ తేజస్సంయోగమే హేతువని సూత్రకారుడు ముందే చెప్పి ఉన్నాడు. వేడి తీసివేత వల్ల గడ్డకట్టడం అన్న భావన ఇక్కడ లేదు. శీతలత్వం నీటి సొంత స్పర్శ కనుక, చల్లబడడం గడ్డకట్టడానికి కారణంగా పనికిరాదు. సిద్ధాంతం తన లెక్కలో తాను నిజాయితీగానే ఉన్నది. కాని దాని ప్రకారం నీరు సహజస్థితి, మంచు అడ్డంకి వల్ల వచ్చిన వికారం. ఘన, ద్రవ, వాయు స్థితులు మూడూ సమానమైనవి, ఉష్ణోగ్రతనూ పీడనాన్నీ బట్టి ఏదైనా కావచ్చు అనే ఆధునిక దృష్టికి ఇది పూర్తిగా ఎదురు.

అంతకన్నా లోతైన భేదం ఒకటి ఉన్నది. వైశేషికంలో ద్రవత్వం జలపరమాణువులోనే నిత్యంగా ఉంటుంది. నీటిబొట్టు పారడానికి కారణం దాని పరమాణువులు ఒక్కొక్కటీ పారే గుణం కలవి కావడమే. ఆధునిక శాస్త్రంలో ఒక్క నీటి అణువును పట్టుకుని అది ద్రవమా, మంచా, ఆవిరా అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థం లేదు. ద్రవత్వం కోట్లాది అణువుల కూడికకు చెందిన ధర్మం. మంచులో అణువులు తమ తమ చోట్ల కంపిస్తూ ఉంటాయి. కరిగినప్పుడు ఒకదానినొకటి వదలకుండానే చోట్లు మారగలుగుతాయి. ఆవిరైనప్పుడు ఒకదాని పట్టు నుంచి ఒకటి విడిపోతాయి. ఒక గ్రాము మంచును 0 డిగ్రీల దగ్గర నీరు చేయడానికి సుమారు 334 జౌళ్ల ఉష్ణం పడుతుంది. ఆ కరిగేంతసేపు ఉష్ణోగ్రత పెరగదు. అణువులో కొత్త గుణమేదీ పుట్టలేదు, అణువు మారలేదు. మారినది వాటి అమరిక, వాటి మధ్య పట్టు. కనుక 'ద్రవం' అన్న పాఠ్యపుస్తకపు మాటకు, 'ద్రవత్వం' అన్న తర్కసంగ్రహపు మాటకు ధాతువు ఒకటే అయినా, మొదటిది స్థితి పేరు, రెండవది గుణం పేరు. ఈ మార్పును ఎవరూ ప్రకటించలేదు. అది మాట లోపలే జరిగిపోయింది.

బంగారం తైజసమని నిరూపించడానికి దీపికలో అన్నంభట్టు చూపిన యుక్తిని ఇక్కడ ప్రస్తావించకుండా దాటడం అన్యాయం. నేతిని ఎంతో కాచితే దాని ద్రవత్వం నశిస్తుంది, మాడిపోతుంది. బంగారాన్ని ఎంత కాచినా ద్రవత్వం నశించదు. నీటిలో ఉంచిన నేతిలా, అడ్డుపడే మరొక ద్రవద్రవ్యం ఉంటే తప్ప పార్థివ వస్తువుకు ఇది సాధ్యం కాదు కాబట్టి, బంగారం పార్థివం కాదు. నిర్ణయం తప్పు. కాని కంసాలి కొలిమి దగ్గర నిలబడి చూసినవాడు తప్ప చేయలేని యుక్తి అది. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గాలిలో ఆక్సిజనుతో కలవదు, ఆవిరి కావడానికి కొలిమి వేడి చాలదు. నేయి అంతకు ఎంతో ముందే రసాయనికంగా విచ్ఛిన్నమవుతుంది. రెండింటి మధ్య భేదాన్ని అన్నంభట్టు సరిగా గుర్తించి, దానిని గుణాల పట్టికలో ఇమిడ్చాడు. ఆయన చేతిలో ఉన్న పనిముట్టు ఆ పట్టికే.

అణువు, పరమాణువు

కిటికీ సందులోంచి పడిన ఎండలో తేలే నలుసును తర్కశాస్త్రం త్రసరేణువు అన్నది. అది కంటికి కనబడుతున్నది కాబట్టి దానికి అవయవాలుండాలి. ఆ అవయవాలు ద్వ్యణుకాలు. వాటి అవయవాలు పరమాణువులు. విభాగం అక్కడ ఆగాలి, ఆగకపోతే మేరుపర్వతానికీ ఆవగింజకూ పరిమాణంలో భేదం చెప్పలేము. ఇది తర్కంతో చేరిన పరమాణువు. ఎండలోని నలుసు కదలిక ఇక్కడ ప్రమాణం కాదు, అది కనబడడమే ప్రమాణం. యూరపులో కథ వేరే విధంగా నడిచింది. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలో తేలే సూక్ష్మకణాల ఎడతెగని చలనాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. 1905లో ఐన్‌స్టీన్ ఆ చలనాన్ని అణువుల తాకిడితో లెక్కగట్టాడు. జాఁ పెరాఁ ప్రయోగాలతో ఆ లెక్క నిలిచింది. అందుకు ఆయనకు 1926లో నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడ కదలికే ప్రమాణమైంది. గదిలోని ఎండనలుసుల కదలికలో ఎక్కువ భాగం గాలి వీచికల పనే. దానిని బ్రౌనియన్ చలనమని చెప్పడం పొరపాటు. కణాదుని నలుసుకూ బ్రౌన్ నలుసుకూ ముడిపెట్టేవారు ఈ భేదాన్ని సాధారణంగా దాటవేస్తారు.

వేడి తగిలినప్పుడు కణాలు ఏమవుతాయన్న ప్రశ్న మీద మాత్రం ఇక్కడ గట్టి వివాదమే నడిచింది. పచ్చికుండను ఆవంలో కాలిస్తే ఎర్రబడుతుంది. నిప్పు కుండను పరమాణువుల దాకా విడదీసి, వాటిలో కొత్త రంగు పుట్టించి, మళ్లీ కూరుస్తుందని వైశేషికుల పీలుపాకవాదం. కుండ కుండగానే ఉంటుంది, నిప్పు దాని సూక్ష్మరంధ్రాలలో ప్రవేశించి రంగు మారుస్తుందని నైయాయికుల పిఠరపాకవాదం. కుండ నిజంగా విడిపోతే దానిపై ఉన్న వస్తువులు పడిపోవలసింది కదా అన్న నైయాయికుల ప్రశ్న ఈనాటికీ చురుకుగానే వినిపిస్తుంది. రంగు పరమాణువులో ఉన్నదని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేటి రసాయనశాస్త్రం ఒప్పుకోనిది ఆ ఒక్క మాటనే.

తెలుగు పరిభాషలో పరమాణువు మూలకపు కనీస కణానికి, అణువు పరమాణువుల కూడికకు పేర్లయ్యాయి. వైశేషికంలో 'అణు' అన్నది ముఖ్యంగా ఒక పరిమాణం పేరు. పరమాణువుకూ ద్వ్యణుకానికీ కూడా ఆ పరిమాణమే. కొత్త విభజన సౌకర్యంగా ఉన్నది, తరగతి గదిలో చక్కగా నిలిచింది. తరగతి గది దాటితే నిలవలేదు. పరమాణు కేంద్రకం చీలడం వల్ల పేలే బాంబు తెలుగులో అణుబాంబు. ఆ కేంద్రకం నుంచి వచ్చే శక్తి అణుశక్తి. పదవ తరగతి విద్యార్థి పరీక్షలో అణువుకూ పరమాణువుకూ భేదం రాసి, ఇంటికి వచ్చి పత్రికలో ఆ భేదం చెరిగిపోయిన మాటలు చదువుతాడు.

వాయువుకు బరువు లేని కాలం

అన్నంభట్టు లెక్కలో గురుత్వం భూమికీ నీటికీ మాత్రమే ఉన్నది. ద్రవత్వం భూమికీ నీటికీ తేజస్సుకూ ఉన్నది. వాయువుకు రెండూ లేవు. అంటే గాలికి బరువు లేదు, అది పారదు, వీస్తుంది. సరిగ్గా ఆ శతాబ్దంలోనే, 1643-44 ప్రాంతంలో ఇటలీలో టొరిచెల్లి పాదరస స్తంభాన్ని గాలి బరువు నిలబెడుతుందని చూపాడు. 1648లో పాస్కల్ కోరిక మీద ఆయన బావగారు ఫ్రాన్సులో కొండ ఎక్కి, పైకి పోయినకొద్దీ ఆ స్తంభం తగ్గుతుందని కొలిచాడు. ఈ రెండు లోకాలకూ అప్పట్లో మాటామంతీ లేదు.

గాలి కూడా నీటిలాగే ప్రవహిస్తుంది, రెండింటికీ ఒకే గణితం చాలు అన్నది 18వ శతాబ్దిలో బలపడిన భావన. 1738లో డేనియల్ బెర్నౌలీ తన గ్రంథంలో నీటి ప్రవాహంతో పాటు, గాలి పీడనం కణాల తాకిడి వల్ల పుడుతుందన్న ఊహను కూడా చేర్చాడు. ద్రవాన్నీ వాయువునూ కలిపి ఒక్క పేరుతో పిలవవలసిన అవసరం ఈ చూపు వల్ల వచ్చింది. తెలుగుకు ఆ అవసరం వచ్చినప్పుడు వైశేషికం సాయపడలేకపోయింది, ఎందుకంటే అక్కడ పారేవాటి జాబితాలో వాయువు లేదు. కాబట్టి 'ప్రవాహి' అనే మాట కొత్తగా కూర్చవలసి వచ్చింది. ఇంటర్మీడియట్ పుస్తకంలోని 'ప్రవాహుల యాంత్రిక ధర్మాలు' అన్న అధ్యాయం పేరు వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నదనేవారున్నారు. కాని పరిభాషలోని నిజాయితీ గల మాటలలో ఇది ఒకటి. పాత బరువేదీ మోయకుండా, చెప్పవలసినదానినే చెప్తుంది.

'వాయువు' మాత్రం పాత బరువుతోనే వచ్చింది. ఒకే ద్రవ్యమైన వాయువు 'వాయువులు' అని బహువచనం పొందడమే ఒక చరిత్ర. శరీరంలో సంచరించే ప్రాణవాయువు ఆక్సిజనుకు పేరైంది. నీరు ఆవిరై పైకి పోవడం వైశేషికంలో వాయువుగా మారడం కాదు. సూర్యకిరణాలు గాలి తోడుతో నీటిని పైకి తీసుకుపోతాయి. ఒక ద్రవ్యం మరొక ద్రవ్యం కాలేదు గనుక ఆ వివరణ అనివార్యం. నేటి విద్యార్థి 'నీరు వాయుస్థితిలోకి మారింది' అని రాసే వాక్యాన్ని అన్నంభట్టు చదివి ఉంటే, వ్యాఘాతదోషం కింద గీత గీసి ఉండేవాడు.

స్నేహం, స్నిగ్ధత, చిక్కదనం

అన్నిటికన్నా చిక్కైన మాట స్నిగ్ధత. ప్రవాహి పొరలు ఒకదానిమీద ఒకటి జారేటప్పుడు పుట్టే అంతర్ఘర్షణకు తెలుగు పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు ఇది. దీని వెనుక ఉన్న స్నేహం వైశేషికంలో జలానికి మాత్రమే చెందిన గుణం. పిండిని ముద్దగా కట్టించేది అదే. నూనెలో జిడ్డు కనబడుతుంది కదా అంటే, నూనెలో ఉన్న నీటి అంశ వల్లనే అని సమాధానం. మరి నీరు మంటను ఆర్పుతుంది, నూనె మంటను పెంచుతుంది కదా అంటే, నూనెలో స్నేహం ప్రకర్ష పొంది ఉండడం వల్ల అది దహనానికి అనుకూలమైందని భాషాపరిచ్ఛేదంలో విశ్వనాథ పంచాననుడు సర్దుబాటు చేశాడు. ఈ సర్దుబాటు బలహీనమైనది. బంగారం మీద చూపిన పట్టు ఇక్కడ శాస్త్రకారులకు చిక్కలేదు.

స్నేహం అంటించేది, స్నిగ్ధం అంటే లోకవ్యవహారంలో నునుపైనది, చమురుగలది, ఆప్యాయమైనది. అంతర్ఘర్షణ ఆపేది. నునుపు అనే అర్థం గల మాటను రాపిడికి పేరుగా పెట్టడం వింతగానే తోస్తుంది. ప్రవాహి భాగాలు ఒకదానినుంచి ఒకటి ఎంత వేగంగా విడివడితే ఆ నిరోధం అంత ఎక్కువ అని 1687లో న్యూటన్ ఊహించినప్పుడు కూడా, ఆయన దానిని జారుడుతనపు లోపంగానే వర్ణించాడు. అంటే స్నిగ్ధత లేకపోవడమే స్నిగ్ధత అన్నట్లు తేలుతుంది. అయితే ఆముదం, తేనె వంటి ఉదాహరణలతో విద్యార్థి ఈ మాటను సరిగానే పట్టుకుంటాడు. 20 డిగ్రీల దగ్గర ఆముదం స్నిగ్ధత నీటికి సుమారు వెయ్యి రెట్లు. నీటిలో స్నేహం నిత్యమన్న శాస్త్రం నుంచి వచ్చిన మాటకు నీరే అతి బలహీనమైన ఉదాహరణ కావడం పరిభాషాచరిత్రలోని చిన్న పరిహాసం.

వాయువులకు ఈ మాటను వర్తింపజేసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ద్రవాన్ని వేడిచేస్తే స్నిగ్ధత తగ్గుతుంది. 0 డిగ్రీల నీటితో పోలిస్తే మరిగే నీటి స్నిగ్ధత ఆరోవంతు. వాయువును వేడిచేస్తే పెరుగుతుంది. 1860లో మాక్స్‌వెల్ తన గణితం నుంచి మరీ వింతైన ఫలితం తీశాడు: వాయువును పలచబరిచినా దాని స్నిగ్ధత మారదు. తరువాత స్వయంగా ప్రయోగాలు చేసి దానిని నిలబెట్టాడు. ద్రవంలో స్నిగ్ధతకు మూలం ముఖ్యంగా అణువుల పరస్పరాకర్షణ. వాయువులో, వేగంగా పోయే పొర నుంచి నెమ్మదిగా పోయే పొరలోకి అణువులు దూకి ద్రవ్యవేగాన్ని చేరవేయడం. పలచబడినప్పుడు దూకే అణువులు తగ్గుతాయి, కాని ఒక్కొక్కటి మరింత దూరం పోతుంది. లెక్క సమమవుతుంది.

ఈ ఫలితం దగ్గర అచ్చతెలుగు మాట 'చిక్కదనం' పూర్తిగా చేతులెత్తేస్తుంది. తెలుగులో చిక్కటి పాలు, చిక్కటి కాఫీ, చిక్కటి చీకటి ఉన్నాయి. ఆ మాటలో గాఢత, సాంద్రత, స్నిగ్ధత మూడూ కలిసి ఉన్నాయి. నువ్వులనూనె నీటికన్నా చిక్కన, అయినా నీటికన్నా తేలిక, అందుకే తేలుతుంది. పలచనైన గాలి చిక్కదనం తగ్గలేదు అంటే తెలుగు వాక్యమే కాదు. స్నిగ్ధత అన్న మాటలో ఎన్ని లోపాలున్నా, రోజువారీ వాడుకకు దూరంగా ఉండడం వల్లనే అది ఈ పనికి పనికివచ్చింది. పరిభాష ప్రజల నాలుక మీది మాటలతోనే కూర్చాలన్న వాదానికి ఇది ఇబ్బంది కలిగించే సందర్భం.

పాత మాట పాత అర్థంతోనే కుదిరిన సందర్భమూ లేకపోలేదు. చుట్టిన చాప వదిలితే మళ్లీ మునుపటి రూపానికి రావడానికి కారణమైన సంస్కారాన్ని తార్కికులు స్థితిస్థాపకమన్నారు. వంచి వదిలిన ఉక్కు బద్దకు ఆ మాటను అంటిస్తే ఏ భాగమూ కత్తిరించనక్కరలేదు.

పోరుమామిళ్ల చెరువు గట్టు

తార్కికుల వరుసతో సంబంధం లేకుండా, పారే నీటిని పట్టి నిలిపే విద్య ఒకటి తెలుగు నేలమీద నడిచింది. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్లు శాసనం చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు అందులో ఉన్నాయి. సాధనాలలో ఒకటి పాథశ్శాస్త్రం, అంటే నీటి శాస్త్రం, తెలిసిన విద్వాంసుడు. దోషాలలో గట్టు నుంచి నీరు ఊరడం ఒకటి. నీరు ఎక్కువై సాగుభూమి తక్కువ కావడం, భూమి ఎక్కువై నీరు తక్కువ కావడం మరి రెండు. ద్రవత్వం సాంసిద్ధికమా నైమిత్తికమా అన్న చర్చ ఈ జాబితాలో ఎక్కడా లేదు. గట్టు ఎక్కడ ఊరుతుందన్నదే అక్కడి ప్రశ్న.

ఆ విద్యలో వాడిన తూము, అలుగు, కలుజు, వాలు, ఒరవడి, సుడి వంటి మాటలలో కొన్ని నీటిపారుదల శాఖ కాగితాలలోకి వచ్చాయి. భౌతికశాస్త్ర పుస్తకంలోకి దాదాపు ఏదీ రాలేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల స్థాయి పుస్తకాలు వచ్చేనాటికి సంక్షుబ్ధ ప్రవాహం, ధారారేఖా ప్రవాహం వంటి సంస్కృత సమాసాలకే రాజమార్గం పడింది. 1883లో మాంచెస్టరులో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజుగొట్టంలోని నీటిలోకి సన్నని రంగుధార వదిలి, వేగం పెరిగినకొద్దీ అది తిన్నని గీతగా ఉన్నది ఒక్కసారిగా సుళ్లు తిరిగి చెదిరిపోవడం చూశాడు. 'సుడి' అన్న రెండక్షరాల మాట ఆ దృశ్యానికి సిద్ధంగా ఉన్నది. క్రియల సంగతి కూడా అంతే. పేరిన నేయి, గడ్డకట్టిన నీరు, తోడుకున్న పెరుగు అని గట్టిపడడంలోనే మూడు విధాలను తెలుగు వేరుచేసింది: మొదటి రెండూ వేడిచేస్తే వెనక్కు వచ్చేవి, మూడవది రానిది. నేలలోకి పోయే నీరు ఇంకుతుంది, మూకుడులోని నీరు ఇగురుతుంది, కుండ పగులులో నీరు ఊరుతుంది. బాష్పీభవనం, ఘనీభవనం పరీక్ష పత్రంలో ఉన్నాయి. ఇగరడం, పేరడం పొయ్యి దగ్గరే ఉండిపోయాయి.